మూడు రోజుల అహ్మదాబాద్ ప్రయాణం: సబర్మతి ఒడ్డుకు ఎంత సమయం, పాత ఊరికి ఎంత సమయం?

వడ్డేపల్లి గట్టు

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ అహ్మదాబాద్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, మా అత్తమ్మ. అత్తమ్మకు అరవై ఏడేళ్ళు. చదును నేల మీద మెల్లగా బాగానే నడుస్తారు, మెట్లంటేనే మోకాళ్ళు సహకరించవు. నేను టీచర్‌ని కాబట్టి సెలవులు దాటి ఒక్క రోజు కూడా కుదరదు. రానూపోనూ ప్రయాణం కాక ఊళ్ళో మూడు రోజులు ఉండగలం.

కరీంనగర్‌లో మానేరు మీద తీగల వంతెన చూసొచ్చినప్పటి నుంచి మా అమ్మాయి అక్కడి సబర్మతి రివర్‌ఫ్రంట్ (నది ఒడ్డున కట్టిన నడకబాట) చూద్దామని అడుగుతోంది. ఉప్పు సత్యాగ్రహం పాఠం అయిపోయింది, గాంధీ ఉన్న సబర్మతి ఆశ్రమం దానికి చూపించాలని నాకూ ఉంది. మన వరంగల్‌కు చెరువులున్నాయి గానీ ఊరి మధ్య నది లేదు. ఎండిన నదిని ఊరికి మళ్ళీ ఎట్లా దగ్గర చేశారో కళ్ళారా చూడాలి.

రైలా, విమానమా? ఎక్కడ దిగితే మంచిది? రివర్‌ఫ్రంట్‌కు రెండు రోజులు పెట్టుకున్నాం, సరిపోతాయా? పిల్ల కారం లేనిదే ముద్ద ముట్టదు, భోజనం ఎట్లా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

కాజీపేట జంక్షన్

రైలే మేడమ్. చెన్నై నుంచి అహ్మదాబాద్ పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ మన వరంగల్ మీదుగానే పోతుంది, రోజూ ఉంటుంది. ఇక్కడ చీకటి పడ్డాక ఎక్కితే బల్లార్షా, వార్ధా, అకోలా, భుసావల్, సూరత్, వడోదర దాటుకుంటూ మర్నాడు సాయంత్రానికి చేరుస్తుంది. వచ్చేటప్పుడు అక్కడ రాత్రి ఎక్కాలి. హైదరాబాద్ నుంచి విమానం రెండు గంటల్లోపే, కానీ హనుమకొండ నుంచి శంషాబాద్ చేరడం, అక్కడ ఎదురుచూడటం కలిపితే సగం రోజు పోతుంది. నలుగురి టికెట్ల ఖర్చు కూడా లెక్క వేసుకోండి.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. సంక్రాంతి రద్దీ కాబట్టి తెరిచిన రోజు పొద్దున్నే చేయాలి. అత్తమ్మగారి టికెట్ మాత్రం విడిగా తీయండి. 45 దాటిన ఆడవాళ్ళకు, పెద్దవాళ్ళకు కింది బెర్త్ కోటా ఉంటుంది గానీ, టికెట్ మీద అర్హత ఉన్నవాళ్ళే ఒకరో ఇద్దరో ఉంటేనే ఆ కోటాలోకి వెళ్తుంది. నలుగురినీ ఒకే టికెట్‌లో పెడితే ఆమెకు పై బెర్త్ పడే ప్రమాదం ఉంది.

మానేరు వారధి

అక్కా, మాది కరీంనగర్. నేను నీటి పనుల్లో ఇంజనీర్‌ని. పాపకు చూపించేటప్పుడు పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నా.

సబర్మతి వానల నది. వానలు పోయాక అహ్మదాబాద్ దగ్గర ఇసుక మేటే మిగిలేది. ఆ ఇసుకలో దోసకాయలు పండించేవాళ్ళు, బట్టలు ఉతికి ఆరేసేవాళ్ళు, ఒడ్డునే వేల గుడిసెలుండేవి. ఒడ్డును బాగుచేయాలన్న ఆలోచన 1960లలోనే బెర్నార్డ్ కోన్ అనే ఆర్కిటెక్ట్ ముందుకు తెచ్చారు. దాని కోసం కార్పొరేషన్ ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది 1997లో. పనులు 2005లో మొదలయ్యాయి. జనానికి కొన్ని భాగాలు తెరిచింది 2012లో. ఆలోచనకూ నడకకూ మధ్య దాదాపు యాభై ఏళ్ళు పట్టిందన్నమాట.

ఇప్పుడు మీరు చూసే నిండు నీళ్ళు ఎక్కువగా నర్మదవి. నర్మద ప్రధాన కాలువ ఊరికి ఎగువన సబర్మతిని దాటుతుంది, అక్కడి నుంచి నదిలోకి నీళ్ళు వదులుతారు. ఊరి దిగువన వాసణా బ్యారేజీ వాటిని ఆపుతుంది. ఈ రెండింటి మధ్య నది పొడవాటి చెరువులా నిలబడి ఉంటుంది. అంతకుముందు నది ఒక్కోచోట ఒక్కో వెడల్పుతో ఉండేది. రెండు వైపులా గోడలు కట్టి దాన్ని 263 మీటర్లకు సమం చేశారు. అట్లా దొరికిన నేల 200 హెక్టార్ల పైమాటే. కొంత భూమి అమ్మి ఖర్చు రాబట్టుకోవాలన్నది మొదటి నుంచీ ఉన్న లెక్క.

ఒక్కో ఒడ్డున సుమారు 11 కిలోమీటర్లు బాట ఉంది. రెండు అంతస్తులు: కింద నీటి పక్కన నడకదారి, పైన రోడ్డు, తోటలు. కింది దారి పూర్తిగా చదును, మీ అత్తమ్మగారికి ఇబ్బంది ఉండదు. పై నుంచి కిందికి దిగడమే చూసుకోవాలి. మెట్లున్న చోట ఆటో దిగకుండా ర్యాంపు ఎక్కడుందో గార్డును అడిగి అక్కడ దిగండి. ఎల్లిస్ బ్రిడ్జికీ సర్దార్ బ్రిడ్జికీ నడుమ అటల్ బ్రిడ్జి అని నడిచేవాళ్ళ కోసమే కట్టిన వంతెన ఉంది, 2022 ఆగస్టులో తెరిచారు. సుమారు 300 మీటర్లు. గాలిపటాల రంగులతో కప్పు వేశారు. టికెట్ ఉంటుంది. మీ పాపకు బాగా నచ్చేది అదే.

మా మానేరు రివర్‌ఫ్రంట్‌కు కూడా సబర్మతినే నమూనా అన్నారు. అందుకే మా ఊరివాళ్ళు ఒకసారి వెళ్ళి చూసి రావాలని నేను గట్టిగా చెబుతా. రెండు రోజులు పెట్టుకోవడంలో తప్పేం లేదు.

గిర్మాజీపేట

రెండు రోజులు ఎక్కువమ్మా. మానేరు తమ్ముడు చెప్పిన నీటి లెక్కలన్నీ నిజమే, కానీ ఆ ఒడ్డు నడవడానికీ కూచోవడానికీ మాత్రమే బాగుంటుంది. అహ్మదాబాద్ అంటే తూర్పు ఒడ్డున ఉన్న పాత నగరం. ప్రపంచ వారసత్వ నగరంగా మన దేశంలో మొదట గుర్తింపు పొందింది అదే, 2017లో. పొద్దున, మధ్యాహ్నం ఆ ఊరికి ఇచ్చి, సాయంత్రాలు మాత్రం నదికి ఇవ్వండి.

మా నాయన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు. 1934లో నిజాం పెట్టిన ఆ మిల్లు సైరన్ మీదే మా పేటల్లో పొద్దు తెలిసేది. మిల్లు మూతపడి, భవనాలు కూల్చి, ఆ నేల ప్లాట్లు కావడం మనమందరం చూసిందే. అహ్మదాబాద్‌ది కూడా అదే బతుకు, కాకపోతే మనకంటే ఎన్నో రెట్లు పెద్దది. రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ పెట్టిన మొదటి మిల్లు 1861లో నడవడం మొదలైంది. తర్వాత పొగగొట్టాలు బారులు తీరి, దేశంలోని మాంచెస్టర్ అని పిలిపించుకుంది. 1918లో మిల్లు కార్మికుల సమ్మెకు అండగా గాంధీ ఉపవాసం చేసింది అక్కడే. మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ సొంత అక్క అనసూయ సారాభాయ్ కార్మికుల పక్షాన నిలబడింది. మీ పాపకు దండి గురించి చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పమ్మా. పుస్తకాల్లో రెండు ముక్కలతో సరిపెడతారు.

1980ల నుంచి ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పని పోయినవాళ్ళలో చాలామంది నది ఒడ్డు గుడిసెల్లోనే తలదాచుకున్నారు. రివర్‌ఫ్రంట్ కోసం పది వేలకు పైగా కుటుంబాలను అక్కడి నుంచి లేపారు. కోర్టు దాకా వెళ్ళి కొట్లాడితే ఊరి చివర వట్వా లాంటి చోట్ల ఇళ్ళు ఇచ్చారు. కూలి దొరికే చోటు నుంచి అంత దూరం పోయాక ఎట్లా బతకాలన్నది వాళ్ళ గోడు. నేను ఆ బాట మీద నడిచాను, బాగుందని ఒప్పుకుంటాను. ఆ బాట కింద ఎవరి గుడిసె ఉండేదో తెలిసి నడవాలని మాత్రం కోరుకుంటాను.

మానేరు వారధి

అన్నా, మీ మాట కాదనను. మరో విషయం కూడా కలపాలి. వాసణా బ్యారేజీ దాటాక అదే నదిలోకి ఫ్యాక్టరీల నీళ్ళు, మురుగు కలుస్తున్నాయని గుజరాత్ హైకోర్టు 2021లో తనంతట తానే కేసు తీసుకుంది. ఊరి మధ్యలో అద్దంలా ఉండి దిగువ ఊళ్ళ దగ్గర అట్లా ఉంటే అది సగం పనే. మానేరులో ఆ పొరపాటు జరగకూడదన్నదే నా తాపత్రయం. అందుకే చూసి రమ్మంటున్నా, పొగడటానికి కాదు.

రెండు రోజుల మాట వెనక్కి తీసుకుంటా. మూడు సాయంత్రాలు చాలు.

వడ్డేపల్లి గట్టు

ఇద్దరికీ చాలా థాంక్స్. అనసూయ సారాభాయ్ సంగతి నాకు కొత్త, క్లాసులో కూడా చెబుతాను. పాత నగరం అంటే ఇరుకు గల్లీలు కదా, అత్తమ్మతో కష్టమా? పండగ రోజుల్లో అక్కడ ఎట్లా ఉంటుందన్నదే ఇప్పుడు టెన్షన్.

పరకాల నుంచి సూరత్

మేడమ్, మాది పరకాల దగ్గర. మగ్గం పని మీద సూరత్, భీవండి చేరిన పద్మశాలి కుటుంబాల్లో మాదీ ఒకటి. అహ్మదాబాద్‌లో మాకు చుట్టాలున్నారు, వస్తూ పోతూ ఉంటాం.

సంక్రాంతికి వెళ్తున్నారంటే మీకు అదృష్టం, ఇబ్బంది రెండూ ఉన్నాయి. అక్కడ 14న ఉత్తరాయణ్, 15న వాసి ఉత్తరాయణ్. ఆ రెండు రోజులూ ఊరంతా మేడల మీదే ఉంటుంది. పొద్దున్నుంచి చీకటి పడేదాకా గాలిపటాలు. చీకటి పడ్డాక దీపాలు కట్టిన పటాలు ఎగరేస్తారు. ఉంధియు (కూరగాయలన్నీ కలిపి వండే కూర), జిలేబీ, చిక్కీ లేని ఇల్లుండదు. మన దగ్గర కూడా పతంగులు ఎగరేస్తాం గానీ, ముసలివాళ్ళ దగ్గర్నుంచి కోడళ్ళ దాకా ఇంట్లో ఒక్కరూ కిందికి దిగకుండా ఎగరేసే ఊరు నేను ఇంకోటి చూడలేదు.

ఇబ్బంది ఏంటంటే, ఆ రెండు రోజులు దుకాణాలు చాలావరకు బంద్, ఆటోలు తక్కువ. హోటల్ గదుల ధరలు పెరుగుతాయి. బండి మీద తిరగొద్దు, మాంజా మెడకు తగిలి ప్రాణాలు పోయిన సంఘటనలు ప్రతి ఏడూ జరుగుతాయి. ఆటోలో కూర్చున్నా పాప తల బయట పెట్టకుండా చూసుకోండి.

కాబట్టి 11 సాయంత్రానికి దిగేట్టు రండి. 12, 13 తిరగండి. 14న పగలు ఏదైనా మేడ మీద గడిపి, రాత్రి రైలుకు వెళ్ళిపోండి. పాత నగరం పోళ్ళలో (దర్వాజా ఉన్న పాత గల్లీల్లో) కొన్ని ఇళ్ళవాళ్ళు ఆ రోజు డబ్బు తీసుకుని మేడ మీదికి రానిస్తారు, భోజనం కూడా పెడతారు. కానీ ఆ ఇళ్ళ మెట్లు నిట్టనిలువుగా, నిచ్చెనలాగే ఉంటాయి. అత్తమ్మగారి కోసం లిఫ్టు మేడ దాకా వెళ్ళే హోటల్ చూసుకోవడం మంచిది. గది బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి అడగండి, "14న మేడ మీదికి రానిస్తారా, లిఫ్టు అక్కడిదాకా ఉందా" అని.

బస ఆశ్రమ్ రోడ్ వైపు గానీ లాల్ దర్వాజా వైపు గానీ. మెట్రో రెండు లైన్లు ఓల్డ్ హైకోర్ట్ స్టేషన్‌లో కలుస్తాయి. తూర్పు పడమర లైనులో ఘీకాంటా దిగితే పాత నగరం, కాలుపూర్ దిగితే రైల్వే స్టేషన్. లిఫ్టులు ఉంటాయి కాబట్టి పెద్దవాళ్ళకు మెట్రోనే సుఖం. భాష గురించి భయపడకండి, హిందీ నడుస్తుంది.

ములుగు రోడ్డు

తిండి సంగతి నేను చెప్తా, అందరూ మర్చిపోయారు. పప్పులో బెల్లం, కూరలో బెల్లం. మన నాలుకకు మొదటి పూట వింతగా ఉంటుంది. ఒక సీసా మామిడికాయ తొక్కు, ఒక పొట్లం కారప్పొడి సంచిలో పెట్టుకోండి. పొద్దున ఫాఫ్డా జిలేబీ, ఖమణ్ తినండి, దాంతో ఇచ్చే పచ్చిమిర్చి పాపకు సరిపోతుంది. ఒక పూట థాలీ తప్పనిసరి, కొసరి కొసరి వడ్డిస్తారు. రాత్రి మాణెక్ చౌక్. అది పొద్దున కూరగాయల సంత, పగలు బంగారం వెండి బజారు, రాత్రి తిండి బజారు. ఒకే చౌరస్తా! మాంసాహారం కావాలంటే తీన్ దర్వాజా దగ్గర భటియార్ గల్లీ, పాతకాలం నుంచి ఉన్నదే. మద్యం గుజరాత్‌లో నిషేధం, సంచిలో కూడా ఉండకూడదని మీ ఆయనకు చెప్పండి.

గిర్మాజీపేట

పాత నగరంలో అత్తమ్మగారికి కష్టం కాకుండా ఒక దారి చెబుతా. కార్పొరేషన్‌వాళ్ళ హెరిటేజ్ వాక్ 1997 నుంచి నడుస్తోంది. పొద్దున్నే కాలుపూర్ స్వామినారాయణ్ గుడి దగ్గర మొదలై జామా మసీదు దగ్గర ముగుస్తుంది, రెండున్నర గంటల పైన పడుతుంది. అది మీరు ముగ్గురూ చేయండి. పోళ్ళంటే ఒక పెద్ద దర్వాజా, దాని వెనక ఒకే కులంవాళ్ళో ఒకే వృత్తివాళ్ళో కలిసి ఉండే గల్లీ. చెక్కిన కొయ్య స్తంభాల ఇళ్ళు, మధ్యలో పిట్టలకు గింజలు వేసే ఎత్తైన గూళ్ళు, ఒక పోళ్ నుంచి ఇంకో పోళ్‌లోకి దొడ్డిదారులు. నడవకపోతే అర్థం కాదు.

అత్తమ్మగారిని ఆ పూట పడుకోనిచ్చి, తర్వాత ఆటోలో భద్ర కోట దగ్గరికి తీసుకురండి. ఆ కోటలో భద్రకాళి గుడి ఉంది! మన ఊరి అమ్మవారి పేరే. ఊరి సంపదంతా ఆ గుమ్మం దగ్గరే ఆగిందని అక్కడివాళ్ళ నమ్మకం. కోట ముందు ఖాళీ స్థలం చదును, కూచోవడానికి బాగుంటుంది. అక్కడి నుంచి దగ్గరలోనే సీదీ సయ్యద్ మసీదు, 1573 నాటిది. రాతి కిటికీలో కొమ్మలు పెనవేసుకున్న చెట్టును చెక్కారు. వేయి స్తంభాల గుడిలో, రామప్పలో నల్లరాతి మీద ఉలి పని చూసి పెరిగిన కళ్ళు మనవి, అయినా ఆ జాలీ ముందు ఆగిపోతాం. రోడ్డు పక్కనే, మెట్లు కూడా ఎక్కువ లేవు.

వడ్డేపల్లి గట్టు

అత్తమ్మకు భద్రకాళి గుడి సంగతి చదివి వినిపించా, ఆమె ఇప్పుడే బయల్దేరేట్టున్నారు. సరే, అందరి మాట కలిపి ఇట్లా అనుకుంటున్నాం. 11 సాయంత్రం దిగి విశ్రాంతి. 12 పొద్దున కాలికో బట్టల మ్యూజియం, మధ్యాహ్నం ఆశ్రమం, సాయంత్రం నది. 13 పొద్దున హెరిటేజ్ వాక్, భద్ర కోట, మధ్యాహ్నం అదాలజ్ మెట్ల బావి, సాయంత్రం అటల్ బ్రిడ్జి, రాత్రి మాణెక్ చౌక్. 14న గాలిపటాలు, రాత్రి రైలు. మా ఆయన ఐక్యతా విగ్రహం కూడా అంటున్నారు.

కాజీపేట జంక్షన్

ఐక్యతా విగ్రహం వద్దని సార్‌కు చెప్పండి. ఒక వైపే రెండు వందల కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఒక రోజు మొత్తం మింగేస్తుంది. అది వడోదరలో దిగి వేరే ప్రయాణంగా పెట్టుకోవాల్సింది.

పరకాల నుంచి సూరత్

కాలికో మ్యూజియం వెళ్ళి నిలబడితే రానివ్వరు. చాలా ముందు నుంచే బుక్ చేసుకోవాలి, కొద్దిమందినే లోపలికి పంపుతారు, ఫోటోలు తీయనివ్వరు. బుధవారం సెలవు, మీ 12 ఏ వారం పడుతుందో చూసుకోండి. దొరికితే వదలొద్దు. పటోలా, కలంకారీ, గుడారాల బట్టలు, శతాబ్దాల నాటి నేత అక్కడ ఉంది. దొరకకపోతే పొద్దున్నుంచీ ఆశ్రమంలోనే నిదానంగా ఉండండి.

ఆశ్రమానికి టికెట్ లేదు. గాంధీ 1917 నుంచి ఉన్నదిక్కడ, 1930 మార్చి 12న 78 మందితో దండికి నడక మొదలుపెట్టిందీ ఇక్కడి నుంచే. ఆయన ఉన్న ఇల్లు హృదయ్ కుంజ్, దాని అరుగు మీద నుంచి నది కనిపిస్తుంది. మ్యూజియం భవనం చార్లెస్ కొరియా డిజైన్ చేసింది, 1963 నాటిది. అంతా నేల మట్టం మీదే, గోడలు తక్కువ, గాలి ఆడుతుంది. అత్తమ్మగారు ఎంతసేపైనా కూచోవచ్చు. చుట్టుపక్కల విస్తరణ పనులు జరుగుతున్నాయి కాబట్టి ఆటో ఏ గేటు దగ్గర ఆపాలో అడిగి వెళ్ళండి.

మానేరు వారధి

అదాలజ్ బావి 1499 నాటిది, అయిదు అంతస్తుల లోతు. రాణి రూడాబాయి పూర్తి చేయించింది. నీళ్ళ కరువు ఉన్న నేలలో ఎంత తపించి కట్టారో ఆ బావి చూస్తే తెలుస్తుంది. మన శివనగర్ మెట్ల బావి చూసిన పాపకు పోల్చుకోవడానికి బాగుంటుంది, వెళ్ళే ముందు ఒకసారి అది కూడా చూపించండి. అత్తమ్మగారిని మాత్రం దింపొద్దు, పై నుంచి చూడనివ్వండి. ఊరికి ఉత్తరాన పద్దెనిమిది ఇరవై కిలోమీటర్లు, ఆటో కంటే కారు మాట్లాడుకోండి.

నర్సంపేట చౌరస్తా

మాకూ ఇదే ఆలోచన, కానీ ఊళ్ళో రెండు రోజులే ఉండగలం, పిల్లలు చిన్నవాళ్ళు. మాది ఫిబ్రవరి మొదటి వారం, శని ఆదివారాలు. ఏది వదిలేయాలి?

గిర్మాజీపేట

అదాలజ్ వదిలేయి బిడ్డా. శనివారం పొద్దున పాత నగరం, సాయంత్రం నది, అటల్ బ్రిడ్జి. ఆదివారం ఆశ్రమం చూసుకుని, ఎల్లిస్ బ్రిడ్జి కింద గుజరీ సంతకు పోండి. పాత సామాను, పనిముట్లు, మంచాలు, పుస్తకాలు, మేకలు కూడా అమ్ముతారు. ఎప్పటి నుంచో ఇసుకలో జరిగే సంత అది. రివర్‌ఫ్రంట్ వచ్చినప్పుడు ఎత్తేస్తారేమోనని వ్యాపారులు పోరాడితే అక్కడే చోటు కట్టించి ఇచ్చారు. ఆదివారం ఒక్కరోజే ఉంటుంది, ఎండ ఎక్కకముందే వెళ్ళండి. చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు, జనం బాగా ఉంటారు.

కాజీపేట జంక్షన్

నర్సంపేట తమ్మీ, ఫిబ్రవరి మొదటి వారానికి బుకింగ్ డిసెంబర్ మొదట్లో తెరుచుకుంటుంది. గురువారం రాత్రి వరంగల్‌లో ఎక్కితే శుక్రవారం సాయంత్రం అక్కడుంటారు. ఆదివారం రాత్రి బయల్దేరితే సోమవారం రాత్రికి వరంగల్. వెళ్ళే రోజు ముందు టైమ్‌టేబుల్, టికెట్ మీద స్టేషన్ పేరు ఒకసారి సరిచూసుకోండి.